మండీ మూలన నా మొదటి సర్వరు

"యాడికి పొయినాయప్పా, పట్టీలన్నీ?"

2019 జులైలో ఒక పొద్దున నాకొచ్చిన ఫోను ఇది. చేసినాయన మదనపల్లె మార్కెట్లో టమోటా మండీ నడుపుతారు. రైతు తెచ్చిన బాక్సులెన్ని, పాటలో ఎంత ధర పలికింది, కమీషను, కూలీ, ముందు తీసుకున్న అడ్వాన్సు పోను చేతికెంత వస్తుంది... ఇదంతా రాసిచ్చే చీటీయే పట్టీ. ఆ సీజనులో రాసిన పట్టీల ఫోల్డరు మొత్తం రాత్రికి రాత్రి మాయమైంది. దాన్ని సర్వరులో దాచింది నేను. పోవడానికి కారణమూ నేనే.

అప్పటికి నా ఇంజినీరింగ్ పూర్తయి మూడు నెలలు. క్యాంపస్ సెలక్షన్లలో పేరు రాలేదు. స్నేహితులు సగం మంది బెంగళూరు మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ కోచింగ్ సెంటర్లకు, మిగతావాళ్లు హైదరాబాద్ అమీర్‌పేటకు వెళ్లిపోయారు. ఫీజు, హాస్టలు కలిపి లెక్కేసుకుంటే మా ఇంట్లో అడగబుద్ధి కాలేదు. గుర్రంకొండలో కూర్చుని జాబ్ పోర్టళ్లలో రెజ్యూమె మార్చి మార్చి పెట్టడమే పనిగా ఉండేది. అప్పుడే మా నాన్నకు తెలిసిన ఈ మండీ పెద్దాయన, 'మీవాడు కంప్యూటర్లు చదివినాడు గదా, ఒకసారి వచ్చి చూడమను' అన్నారు.

వెళ్లి చూస్తే మూడు విండోస్ కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక పెన్‌డ్రైవు. ఆఫీసు నడుస్తున్నది ఆ పెన్‌డ్రైవు మీదే. ఒక కంప్యూటర్లో రాసిన లెక్క ఇంకోదానికి పోవాలంటే అదే వాహనం. ఒకే పేరుతో నాలుగు ఫైళ్లు, పక్కన 'కొత్తది', 'ఫైనల్', 'ఫైనల్ ఇదే'. ఏది అసలుదో గుమస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. మూలన ఖాళీ సంచుల కింద, విండోస్ నిదానమైపోయిందని పక్కన పడేసిన పాత డెస్క్‌టాప్ ఒకటుంది. 4 జీబీ ర్యామ్, 500 జీబీ డిస్కు. "దీన్ని సర్వరు చేస్తాను" అన్నాను. ధైర్యంగానే అన్నాను. సర్వరు గురించి అప్పటికి నాకు తెలిసింది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు రాసేంతే.

సర్వరంటే ఏసీ గదిలో లైట్లు మిణుకుమనే రాక్ అనుకుంటాం. చిన్న ఆఫీసుకు అంత అక్కర్లేదు. ఫైళ్లన్నీ ఒకచోట ఉండాలి. ఎవరు ఏది చూడొచ్చు, ఏది మార్చొచ్చు అన్నదానికి హద్దులుండాలి. ప్రింటరు అందరికీ అందాలి. ఏదైనా పోతే వెనక్కి తెచ్చుకోగలగాలి. ఈ నాలుగూ చేసే కంప్యూటరు ఏదైనా సర్వరే. లినక్స్ ఎందుకంటే లైసెన్సు ఖర్చు లేదు, స్క్రీను లేకుండా నడుస్తుంది, పాత మిషనులోనూ బతుకుతుంది. గుమస్తా తన విండోస్, తన ట్యాలీ వదలాల్సిన పని లేదు. ఆయన కంప్యూటర్లో సర్వరు ఫోల్డరు ఇంకో డ్రైవులా కనబడుతుంది, అంతే.

ఏ లినక్సు వేయాలన్నదానిపై కుర్రాళ్లు గంటలు గంటలు వాదించుకుంటారు. డెబియన్, ఉబుంటు సర్వర్, రాకీ, ఆల్మా... ఏదైనా ఒకటి పట్టుకోండి. నేను ఉబుంటు 18.04 వేశాను. గంటలోపే అయిపోయింది. యూట్యూబు వీడియోలన్నీ ఆ గంటతోనే ముగిసిపోతాయి. నా కథ అక్కడ మొదలైంది.

777 అనే తప్పు

విండోస్ కంప్యూటర్లకు లినక్సు ఫోల్డర్లను పంచే సాఫ్ట్‌వేరు శాంబా. ఇన్‌స్టాల్ చేశాను, ఫోల్డరు కనబడింది, తెరిస్తే 'అనుమతి లేదు' అని వచ్చింది. వెతికితే ఎవరో చెప్పిన చిట్కా దొరికింది: ఫోల్డరు మీద సీహెచ్‌మోడ్ 777 కొట్టు, శాంబాలో గెస్టు అనుమతి ఇవ్వు. కొట్టాను, ఇచ్చాను. పనిచేసింది. పెద్దాయన కాఫీ తెప్పించారు.

ఆ మూడు ఏడ్ల అర్థం నేను అడగలేదు. లినక్సులో ప్రతి ఫైలుకూ మూడు వర్గాలుంటాయి: యజమాని, గ్రూపు, మిగతావాళ్లు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. కలిపితే 7. అంటే 777 అంటే దారిన పోయేవాడితో సహా అందరికీ అన్ని హక్కులూ. తాళం చెవి దొరకలేదని తలుపే పీకేశానన్నమాట. గెస్టు అనుమతి వల్ల ఎవరు ఏం చేశారో పేరు కూడా మిగలదు.

బ్యాకప్ మాత్రం పెట్టానండోయ్. రెండో డిస్కు బిగించి, రోజూ రాత్రి 11 గంటలకు మొత్తం ఫోల్డరును ఆర్‌సింక్‌తో దానిలోకి కాపీ చేసేలా క్రాన్‌లో పెట్టాను. రెండూ అచ్చం ఒకేలా ఉండాలని డిలీట్ అనే ఆప్షను కూడా చేర్చాను. ఇక్కడ లేని ఫైలు అక్కడా ఉండకూడదని దాని భావం.

ఆ సాయంత్రం ఎవరో, బహుశా కొత్తగా చేరిన కుర్రాడు, పట్టీల ఫోల్డరును తెలియక డిలీట్ చేశాడు. శాంబా ద్వారా పోయింది విండోస్ రీసైకిల్ బిన్‌లోకి రాదు. రాత్రి 11 అయింది. నా స్క్రిప్టు ఠంచనుగా లేచి, అసలు ఫోల్డరు లేదు కాబట్టి రెండో డిస్కులోనూ శుభ్రంగా తుడిచేసింది. ఎర్రర్ లేదు. లాగ్‌లో 'విజయవంతం' అనే ఉంది.

మమ్మల్ని కాపాడింది కార్బన్ పేపరు. పట్టీ పుస్తకాల్లో నకళ్లున్నాయి. నాలుగు రాత్రులు నేనూ గుమస్తా కూర్చుని ఒక్కొక్కటీ మళ్లీ కొట్టాం. కొన్నింటికి నకలు చెరిగిపోయి అంకెలు కనబడలేదు. ఆ రైతులకు కబురు పెడితే ఒకాయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల పట్టీ తీసి, చెమటకు మెత్తబడిన దాన్ని బల్ల మీద జాగ్రత్తగా పరిచాడు. మూడు కోతల డబ్బు ఆ కాగితంలో ఉంది. ఫైలు అంటే ఏమిటో కాలేజీలో నాలుగేళ్లలో అర్థం కానిది నాకక్కడ అర్థమైంది. పెద్దాయన తిట్టలేదు. 'మళ్లా ఇట్ల కాకుండా చెయ్యి నాయనా' అన్నారు, అంతే. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఒక విద్యార్థి రాసిన రెండు పనిముట్లు

కోపమంతా మొదట పనిముట్ల మీదకు పోయింది. శాంబా, ఆర్‌సింక్ అసలెవరు రాశారా అని చదివితే రెండింటి వెనకా ఒకే పేరు: ఆండ్రూ ట్రిడ్జెల్. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో పీహెచ్‌డీ విద్యార్థిగా ఉన్నప్పుడు, తన పీసీ నుంచి యూనిక్సు మిషనులోని ఫైళ్లు అందుకోవడానికి 1991-92లో రాసుకున్న చిన్న ప్రోగ్రామే శాంబాకు మొదలు. దాని పాత పేరుకు ట్రేడ్‌మార్కు చిక్కు వచ్చింది. ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే మాటల కోసం కంప్యూటర్లోని పదాల జాబితాలో గ్రెప్ కమాండుతో వెతికితే దొరికిన మాట శాంబా. ఆర్‌సింక్ 1996లో వచ్చింది. 1999లో ఆయన సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో దాని పద్ధతి ఉంది. పనిముట్టు దోషం ఏమీ లేదు. డిలీట్ ఆప్షను ఏం చేస్తుందో దాని మాన్యువల్లో స్పష్టంగా రాసే ఉంది. నేనే చదవలేదు.

రెండోసారి కట్టినప్పుడు మ్యాన్ పేజీలు పక్కన పెట్టుకుని కట్టాను. ఆఫీసులో ప్రతి మనిషికీ వేరే యూజరు. లెక్కలు చూసేవాళ్లంతా ఒక గ్రూపు. ఫోల్డరుకు 777 బదులు 2770. చివరి సున్నాతో బయటివాళ్లకు తలుపు మూసుకుంటుంది. ముందున్న 2 వల్ల ఆ ఫోల్డరులో ఎవరు కొత్త ఫైలు పెట్టినా అది గ్రూపు సొత్తవుతుంది. లేకపోతే గుమస్తా పెట్టిన ఫైలును పక్కాయన సవరించలేడు, మళ్లీ మీకు ఫోను, మళ్లీ 777 కొట్టాలన్న దుర్బుద్ధి. లినక్సు పాస్‌వర్డు, శాంబా పాస్‌వర్డు వేర్వేరు అన్నది తెలియక నేను ఒక పూటంతా పోగొట్టుకున్నాను. మీరు పోగొట్టుకోకండి. సెట్టింగులు మార్చిన ప్రతిసారీ టెస్ట్‌పార్మ్ నడిపితే తప్పుంటే చెబుతుంది. డిలీట్ చేసినవాటిని పక్క ఫోల్డరులో దాచే 'రీసైకిల్' మాడ్యూలు శాంబాలోనే ఉంది, దాన్నీ పెట్టాను. పోయిన సీజన్ల ఫోల్డర్లను చదవడానికి మాత్రమే వదిలాను.

బ్యాకప్ సంగతికి వస్తే, అద్దం బ్యాకప్ కాదు. అద్దంలో మన ముఖం మీది మరక కూడా కనబడుతుంది. కావాల్సింది నిన్నటి ముఖం, పోయిన వారం ముఖం, పోయిన నెల ముఖం. రెస్టిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో 7 రోజులవి, 4 వారాలవి, 12 నెలలవి విడివిడిగా ఉంచుతున్నాం. మారిన భాగాలే చేరతాయి కాబట్టి డిస్కు నిండిపోదు. ఇది డేటాను ఎన్‌క్రిప్టు చేస్తుంది. పాస్‌వర్డు పోతే బ్యాకప్ కూడా పోయినట్టే. అందుకే ఆ పాస్‌వర్డు కాగితం మీద రాసి పెద్దాయన ఇంటి బీరువాలో ఉంది.

'డేటాకు 3 కాపీలు, 2 రకాల నిల్వల్లో, 1 వేరే చోట' అనే సూత్రం చాలామంది వినే ఉంటారు. ఆ 'వేరే చోట' అన్నది ఎందుకో మదనపల్లెవాళ్లకు వివరించాల్సిన పని లేదు. 2024 జులై 21 రాత్రి సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయిన సంగతి ఊరంతా చూసింది. కాగితమైనా డిస్కయినా ఒకే గదిలో ఉన్న రెండు కాపీలూ అగ్గికి ఒకటే. మండీలో ప్రతి శనివారం ఒక బయటి డిస్కు ఇంటికి వెళ్తుంది, అంతకుముందు వారంది వెనక్కి వస్తుంది.

మనలాంటి కొత్తవాళ్లే ఇలా పడతారనుకోవద్దు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు రాత్రిపూట అలసటలో ఒక సర్వరనుకుని ఇంకో సర్వరులో అసలు డేటాబేస్‌ను తుడిచేశారు. ఐదు రకాల బ్యాకప్ పద్ధతులున్నాయని అనుకున్నారు. సమయానికి ఒక్కటీ అక్కరకు రాలేదు. దాదాపు 6 గంటల ముందు, వేరే పని కోసం చేతితో తీసి పెట్టిన కాపీ ఒకటి దొరికి బయటపడ్డారు. ఆ 6 గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు. జరిగిందంతా సంస్థే పూసగుచ్చినట్టు బయటపెట్టింది. సిస్టమ్స్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఆ నివేదికను ఒకసారైనా చదవండి. ఏ కోర్సులోనూ అంత మంచి పాఠం లేదు. అది చదివాకే నేను నెల మొదటి తారీఖున ఒక పని పెట్టుకున్నాను: బ్యాకప్ నుంచి ఏదో ఒక ఫైలును వెనక్కి తెచ్చి, తెరిచి, గుమస్తాకు చూపించి, 'అంకెలు సరిపోయాయా' అని అడగడం.

కరెంటు, అడ్రసు, బయటి తలుపు

పుస్తకాల్లో పెద్దగా కనబడని పాఠం కరెంటు. మండీలో కరెంటు పోయి వస్తే సర్వరు ఆఫ్ అయ్యే ఉండేది. నాకు ఫోను, గుర్రంకొండ నుంచి బస్సు, స్విచ్చు నొక్కి రావడం. బయోస్‌లో 'కరెంటు రాగానే ఆన్ కావాలి' అనే సెట్టింగు ఉంటుందని తెలియడానికి నాకు మూడు బస్సు ప్రయాణాలు పట్టాయి. చిన్న యూపీఎస్ పెట్టి, బ్యాటరీ తగ్గగానే సర్వరు తనంతట తాను పద్ధతిగా ఆగిపోయేలా నట్ అనే సాఫ్ట్‌వేరు కలిపాక బస్సు చార్జీలు మిగిలాయి. కరెంటు పోయొచ్చినప్పుడల్లా రూటరు సర్వరుకు కొత్త ఐపీ అడ్రసు ఇచ్చేది. డ్రైవు కనబడక ముగ్గురూ గగ్గోలు పెట్టేవాళ్లు. రూటర్లో ఆ మిషనుకు ఒకే అడ్రసు రిజర్వు చేస్తే తీరిపోయింది.

బస్సు తప్పించుకోవాలన్న ఆశతోనే ఇంకో పిచ్చి పనీ చేశాను. ఇంటి నుంచే లాగిన్ కావడానికి రూటర్లో 22వ పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచేశాను. మర్నాడు లాగ్ చూస్తే, ఊరూ పేరూ తెలియని అడ్రసుల నుంచి రూట్, అడ్మిన్ అంటూ పాస్‌వర్డు ప్రయత్నాలు పేజీలకు పేజీలు. మదనపల్లెలో ఒక టమోటా మండీ ఉందని వాళ్లకేం తెలుసు? ఎవరూ కూర్చుని చేసే పని కాదది. తెరిచిన తలుపు కోసం ప్రోగ్రాములు రోజంతా వెతుకుతూనే ఉంటాయి. పోర్టు మూసేశాను. పాస్‌వర్డు లాగిన్ తీసేసి ఎస్‌ఎస్‌హెచ్ కీలు పెట్టాను. ఇప్పుడు వైర్‌గార్డ్ వీపీఎన్ ద్వారానే లోపలికి.

'లినక్సుకు వైరస్ రాదు' అనే మాట కూడా మరిచిపోండి. 2017 మే 12న వన్నాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని ఊపేసినప్పుడు ఏపీ పోలీసు శాఖలోని కొన్ని విండోస్ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ వార్తల్లో వినిపించిన జిల్లాల్లో అప్పటి మన చిత్తూరు ఒకటి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే అప్‌డేట్ ఇచ్చింది. అదే మే నెలలో శాంబాలోనూ తీవ్రమైన లోపం ఒకటి బయటపడింది, 3.5 వెర్షన్ నుంచీ అన్నింటికీ వర్తించేది. రెండు కథల్లోనూ మందు ఒకటే, వేళకు అప్‌డేట్ చేయడం. నా 18.04కు మామూలు సపోర్టు 2023 మేతో ముగిసింది. సర్వరు కట్టిన రోజే దాని గడువు క్యాలెండర్లో రాసిపెట్టుకోవాలి.

మరి ఉద్యోగం?

2020 చివర్లో బెంగళూరులో ఒక ఇంటర్వ్యూ. అడిగినాయన నా ప్రాజెక్టు రిపోర్టు పక్కన పెట్టి, "డిస్కులో ఖాళీ ఉంది, అయినా ఫైలు రాయడం లేదు. ఏం చూస్తావు?" అన్నారు. అనుమతులు చూస్తానన్నాను. తర్వాత, మండీ డిస్కు చావుకు దగ్గరపడ్డప్పుడు జరిగింది గుర్తొచ్చి, ఎర్రర్లు వచ్చి ఫైల్‌సిస్టమ్ చదవడానికి మాత్రమే అన్న స్థితికి మారిందేమో కెర్నల్ లాగ్‌లో చూస్తానన్నాను. "ఇంకా?" అన్నారు. తెలియదన్నాను. ఐనోడ్లు అయిపోయినా అలాగే అవుతుందని, డీఎఫ్ కమాండుకు ఐ ఆప్షను ఇస్తే తెలుస్తుందని ఆయనే చెప్పారు. ఆ తర్వాత "ఇప్పటిదాకా నువ్వు చెడగొట్టిన పెద్ద పని ఏమిటి?" అని అడిగారు. పట్టీల కథ మొత్తం చెప్పాను. అరగంట ఇంటర్వ్యూ గంటన్నర నడిచింది. సపోర్టు ఇంజినీరుగా నా మొదటి ఉద్యోగం అదే.

సర్టిఫికెట్లు వద్దనను. రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో బిట్లు ఉండవు. మిషను ముందు కూర్చోబెట్టి పనులిస్తారు, 300కు 210 రావాలి. మూడేళ్లకు గడువు తీరుతుంది. పని వచ్చినవాడికి అది మంచి ముద్ర. పని రానివాడికి వేల రూపాయల ఖర్చు. ముందు పని నేర్చుకోండి. హాస్టల్లో ల్యాప్‌టాప్ ఉంటే వర్చువల్‌బాక్స్‌లో రెండు మిషన్లు పెట్టి ఒకటి సర్వరు, ఒకటి గుమస్తా అనుకోండి. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో లినక్సు పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి, ఉచితం. ఇంగ్లిష్ వీడియోల యాసతో ఇబ్బంది పడేవాళ్లు అక్కడ మొదలుపెట్టండి. కొన్ని కాలేజీల్లో 'స్వేచ్ఛ' వాళ్ల ఉచిత సాఫ్ట్‌వేర్ బృందాలున్నాయి, ఉంటే వెళ్లండి.

ఆ తర్వాత నిజమైన ఆఫీసు ఒకటి వెతుక్కోండి. మన దగ్గర కంప్యూటర్లకు కరువు ఎప్పుడో తీరింది. కుప్పంలో 2002లోనే హెచ్‌పీ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఐ-కమ్యూనిటీ పేరుతో మూడేళ్ల ప్రాజెక్టు పెట్టి పల్లెలకు సమాచార కేంద్రాలు తెచ్చింది. నా దృష్టిలో ఇప్పటికీ కరువున్నది పెట్టినదాన్ని రోజూ చూసుకునే మనిషికి. బడి ఆఫీసు, డయాగ్నస్టిక్ ల్యాబు, ఎరువుల దుకాణం, ఎక్కడ చూసినా పెన్‌డ్రైవులే తిరుగుతున్నాయి. అయితే నాలాగా మొదటి రోజే అసలు లెక్కల మీద చెయ్యి వేయకండి. ముందు నకలు మీద నడపండి. కనీసం నెల రోజులు వాళ్ల పాత పద్ధతి ఆపనీయకండి. కార్బన్ పేపరు అసలే ఆపనీయకండి. రోగుల వివరాలు, రైతుల అప్పులు మీ కంటబడతాయి. అవి మీ నోట బయటికి రాకూడదు.

ఇంకొకటి, నోట్‌బుక్. ఏ తారీఖున ఏ ఫైలులో ఏ లైను ఎందుకు మార్చారో రాయండి. నేను రెండోసారి కట్టినప్పటి నుంచి రాశాను, సగం తెలుగులో, సగం కమాండ్లలో. బెంగళూరు వచ్చేటప్పుడు ఆ పుస్తకాన్ని సర్వరు పక్కనే, యూపీఎస్ మీద పెట్టి వచ్చాను.

2023లో ఒక మధ్యాహ్నం మండీ నుంచి ఫోను. ఈసారి మాట్లాడింది పెద్దాయన కాదు. పుంగనూరు నుంచి రోజూ బస్సులో మదనపల్లె కాలేజీకొచ్చే బీఎస్సీ కంప్యూటర్స్ అమ్మాయి, సాయంత్రాలు అక్కడ లెక్కలు చూస్తోంది. "అన్నా, డిస్కు పోయింది" అంది. నా గుండె 2019లోకి వెళ్లింది. "కొత్తది వేసి డెబియన్ ఎక్కించినాను. మీ పుస్తకం చూసి శాంబా కట్టినాను. శనివారం డిస్కు నుంచి అంతా వచ్చేసింది. నిన్నటి పట్టీలు మాత్రం కార్బన్ నకళ్లు చూసి కొడుతున్నాం. బీరువా తాళం కోసం పెద్దాయన ఇంటికి పోయి రావడానికే గంట పట్టింది" అని నవ్వింది. మరి ఫోను ఎందుకు చేసిందని అడిగాను.

"పదకొండో పేజీలో గ్రూపు పేరు తప్పు రాసినారన్నా. దిద్దమంటారా?"